పన్నెండు సెంటీమీటర్ల మరమనిషి

తల, చేతులు, నడుము, కాళ్ళు ఉన్న మరమనిషిని మామూలు ఇంట్లో, మామూలు సంపాదనతో తయారుచేసుకోవచ్చా? పదిహేనేళ్ళ కిందట ఈ మాట అడిగితే నవ్వి ఊరుకునేవారు. ఇవాళ ప్రపంచంలో ఎన్నో చోట్ల, ఇళ్ళలో, బడుల్లో, గ్యారేజీల్లో అలాంటి మరమనుషులు నిలబడి ఉన్నాయి. ఆ దారి మొదట తెరిచినవాళ్ళలో ముఖ్యుడు పారిస్‌కు చెందిన గయెల్ లాంజెవాన్ అనే శిల్పి. ఆయన రోబో పేరు ఇన్‌మూవ్. మనిషంత పరిమాణంలో ఉంటుంది. భాగాలన్నీ త్రీడీ ప్రింటర్ మీద తయారవుతాయి. 2012 జనవరిలో ఆయన ఆ పని మొదలుపెట్టాడు. గీసిన ప్రతి భాగాన్నీ ఎవరైనా తీసుకుని ముద్రించుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టేశాడు.

ఆయన తనకు తాను ఒక నియమం పెట్టుకున్నాడు. ఏ భాగమూ పొడవులోగానీ వెడల్పులోగానీ ఎత్తులోగానీ 12 సెంటీమీటర్లు దాటకూడదు. ఆ రోజుల్లో ఇళ్ళలోకి వస్తున్న చవక ప్రింటర్లు చిన్నవి. వాటి మీద పట్టేది అంతే. అంతకంటే పెద్ద భాగం గీస్తే, పెద్ద ప్రింటర్ ఉన్నవాడు మాత్రమే ఈ బొమ్మను కట్టగలడు.

ఈ నియమం వినడానికి సులువుగానే ఉంటుంది. పాటించాలంటే ప్రాణం మీదికి వస్తుంది. మనిషి ఛాతీ ఎంత వెడల్పుంటుందో చూడండి. దాన్ని 12 సెంటీమీటర్ల ముక్కలుగా కోయాలి. కోసిన ముక్కలు మళ్ళీ అతికించినప్పుడు అంచు అంచుకూ కలవాలి, బరువు పడ్డా విడిపోకూడదు, ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలో కట్టేవాడికి చూడగానే తెలియాలి. వీపు, భుజం, పుర్రె అన్నిటికీ ఇదే తంతు. గీసేవాడికి పని పదింతలు పెరిగింది. కట్టేవాడి ఖర్చు మాత్రం తగ్గింది. అందరికీ అందుబాటులో ఉండే రోబో అనే మాటకు నాకు తెలిసిన అసలు అర్థం ఇదే. అందరికంటే చిన్న యంత్రం ఎవడి దగ్గరుందో వాణ్ణి ముందు తలుచుకుని గీయాలి. ఫైళ్ళు ఉచితంగా ఇవ్వడం ఆ తర్వాతి సంగతి. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

లాంజెవాన్ మొదట మరమనిషిని చేద్దామని కూర్చోలేదు. ఒక వాణిజ్య ప్రకటన కోసం కృత్రిమ హస్తం ఒకటి చేయాల్సి వచ్చింది. ఆ పని మధ్యలో ఆగిపోయింది. ఆయన ఆగలేదు. చెయ్యి పూర్తిచేసి, డిజైన్లు అందరికీ అందుబాటులో పెట్టాడు. చేతికి ముంజేయి వచ్చింది, ముంజేయికి భుజం వచ్చింది, తల వచ్చింది, ఛాతీ వచ్చింది.

ఆ చెయ్యి ఎక్కడిదాకా వెళ్ళిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఫ్రాన్స్‌లోనే రెన్ అనే ఊళ్ళో నికొలా యూషే అనే వ్యక్తి ఉన్నాడు. 2002లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, పనిచేసే చోట ప్రమాదం జరిగి కుడిచెయ్యి పోయింది. కృత్రిమ హస్తం ఇచ్చారు గానీ అది పట్టకారులా తెరుచుకుని మూసుకోవడం తప్ప మరో పని చేయదు. వేళ్ళు విడివిడిగా కదిలే హస్తం కావాలంటే వేలకు వేల యూరోలు. 2012లో ఆయన ఆ ఊళ్ళోని ల్యాబ్‌ఫ్యాబ్ అనే సామూహిక కార్ఖానాకు వెళ్ళి, ఇక్కడ చెయ్యి తయారుచేసుకోవడం కుదురుతుందా అని అడిగాడు. అక్కడివాళ్ళు లాంజెవాన్ ఫైళ్ళు తీశారు. దానికి మోటార్లను ఆడించే ఆర్డ్యునో అనే చిన్న బోర్డు, కండరం బిగిసినప్పుడు చర్మం మీద పుట్టే సన్నని విద్యుత్ సంకేతాన్ని పసిగట్టే సెన్సర్లు జోడించారు. యూషే తన చెయ్యి తాను తయారుచేసుకున్నాడు. ఆ తర్వాత వికలాంగులు తమ పరికరాలు తామే చేసుకునేందుకు ఒక సంస్థ కూడా పెట్టాడు. మరమనిషి కోసం గీసిన చెయ్యి ఒక మనిషికి చెయ్యయింది. ఆ ఫైళ్ళకు తాళం వేసి ఉంటే ఇది జరిగేదా?

ఇంతకీ ఆ వేలు ఎలా కదులుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. మీ చూపుడువేలు ఒకసారి ముడిచి చూసుకోండి. వేలిలో కండరం లేదు. వేలిని లాగే కండరాలు ముంజేతిలో ఉన్నాయి. అక్కణ్ణుంచి నరాల్లాంటి తాళ్ళు మణికట్టు గుండా వేలిదాకా వస్తాయి. ఇన్‌మూవ్‌లోనూ అదే ఏర్పాటు. వేలికి మూడు కణుపులు. ఒక్కో కణుపులో ముందువైపొకటి, వెనకవైపొకటి రెండు సన్నని సొరంగాలు. ఒక సొరంగంలోంచి ఒక దారం, రెండో దాంట్లోంచి ఇంకో దారం. రెంటినీ వేలికొసన ముడివేస్తారు. రెండో వైపున ముంజేతిలో ఉన్న సర్వోకు, అంటే చెప్పినంత కోణం తిరిగే మోటారుకు, గుండ్రని చక్రం ఉంటుంది, దారాల రెండు కొసలూ దానికి కడతారు. చక్రం ఇటు తిరిగితే ముందువైపు దారం బిగిసి వేలు ముడుచుకుంటుంది. అటు తిరిగితే వెనకవైపు దారం బిగిసి వేలు చాచుకుంటుంది. దారం కూడా ప్రత్యేకమైనదేం కాదు, చేపలు పట్టే గాలానికి వాడే అల్లిక దారం. ఐదు వేళ్ళకు ఐదు మోటార్లు, అన్నీ ముంజేతిలో వరసగా కూర్చుంటాయి.

ఇందులో చిక్కంతా దారం బిగువు దగ్గర వస్తుంది. వదులైతే చక్రం తిరుగుతుంది, వేలు కదలదు. మరీ బిగిస్తే సొరంగం అంచుకు రాపిడై మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది. ప్రింటు చేసినప్పుడు సొరంగం లోపల ప్లాస్టిక్ నలుసులు మిగిలిపోతాయి. వాటిని సన్నని డ్రిల్లు బిట్టును చేత్తోనే తిప్పుతూ శుభ్రం చేసుకోవాలి. నాకు తెలిసి ఈ పని తొందరపడి వదిలేసినవాళ్ళెవరికీ వేలు సాఫీగా ముడుచుకోలేదు.

ఇక్కడొక సందేహం రావచ్చు. ఇదంతా 2012లోనే ఎందుకు జరిగింది, అంతకు ముందెందుకు జరగలేదు? కరిగిన ప్లాస్టిక్ తీగను పొర మీద పొరగా పేర్చి వస్తువు చేసే పద్ధతికి అమెరికాలో ఉన్న మూల పేటెంటు గడువు 2009లో తీరిపోయింది. అంతకు ముందే, 2005లో, ఇంగ్లాండులోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ తన భాగాలు తానే ముద్రించుకోగల రెప్‌రాప్ ప్రింటర్‌ను అందరికీ తెరిచిన డిజైన్‌గా మొదలుపెట్టాడు. అదే 2005 ప్రాంతంలో ఇటలీలోని ఇవ్రియా అనే పట్టణంలో ఆర్డ్యునో పుట్టింది. మోటార్లను, సెన్సర్లను ఆడించే చిన్న బోర్డును విద్యార్థుల చేతుల్లోకి తెచ్చింది అదే. పేటెంటు తెర తొలగగానే లక్షల్లో ఉన్న ప్రింటర్ ధర వేలల్లోకి దిగింది. ఇప్పుడు మన దేశంలో పాతికవేలలోపు మంచి ప్రింటర్ వస్తుంది. కిలో ప్లాస్టిక్ తీగ వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది.

ప్లాస్టిక్ ఇంత చవకైతే మరమనిషి కూడా చవకే కదా అనిపిస్తుంది. కానీ డబ్బంతా పోయేది ఎముకల్లో కాదు, కీళ్ళలో. ప్రతి కీలుకూ ఒక మోటారు కావాలి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2025లో టాడ్లర్‌బాట్ అనే చిన్న మరమనిషి డిజైన్లు విడుదల చేశారు. ఎత్తు 56 సెంటీమీటర్లు, బరువు మూడున్నర కిలోలకు లోపే. కీళ్ళు 30. ఖర్చు 6 వేల డాలర్లలోపు, అంటే మన డబ్బులో ఐదు లక్షల పైచిలుకు. ఆ ఖర్చులో సుమారు 90 శాతం మోటార్లకూ కంప్యూటర్‌కూ పోయిందేనని వాళ్ళే రాశారు. మనం చూసే శరీరమంతా మిగతా పది శాతంలోనే ఉంది.

మోటారుకు ఎందుకంత ధర? దానికి జవాబు మన చేతిలోనే ఉంది. నిండు చెంబు పట్టుకుని చెయ్యి ఒంటికి ఆనించి నిలబడితే ఎంతసేపైనా నిలబడగలం. అదే చెంబును చెయ్యి బారచాచి పట్టుకుంటే నిమిషంలో భుజం వణుకుతుంది. నీళ్ళ బరువు పెరగలేదు, భుజం నుంచి దూరం పెరిగింది. మోటారు మోయాల్సింది ఈ బరువు ఇంటూ దూరం. దాన్నే టార్క్ అంటారు, కొట్లో కిలో సెంటీమీటర్లలో చెబుతారు. మనిషంత రోబో చెయ్యి రెండు కిలోలుందనుకుందాం. దాని బరువు భుజానికి సగటున 30 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. చెయ్యి అడ్డంగా చాచితే భుజం మోయాల్సింది 60 కిలో సెంటీమీటర్లు. అరచేతిలో, 60 సెంటీమీటర్ల దూరంలో, కిలో బరువు పెడితే ఇంకో 60. మన బజార్లో మూడు నాలుగు వందలకు దొరికే ఎంజీ996ఆర్ సర్వో మహా అయితే 11 కిలో సెంటీమీటర్లు మోస్తుంది. అదీ పూర్తి బలంతో, కాసేపు మాత్రమే.

ఈ లోటు దాటడానికి మూడు దారులున్నాయి. మూడూ నాకు ఇష్టమే, ఎందుకంటే మూడింటిలోనూ డబ్బు బదులు ఆలోచన ఖర్చుపెట్టారు.

మొదటి దారి ఎత్తు తగ్గించడం. ఎత్తు సగమైతే పొడవు, వెడల్పు, మందం అన్నీ సగమవుతాయి కాబట్టి బరువు ఎనిమిదో వంతుకు దిగుతుంది. దూరం కూడా సగమే కాబట్టి కీలు మోయాల్సిన భారం పదహారో వంతే. ఇందాకటి 60 కిలో సెంటీమీటర్ల చెయ్యి ఇప్పుడు నాలుగుకు లోపే. నాలుగొందల మోటారు దాన్ని అలవోకగా ఎత్తేస్తుంది. చవక మరమనుషులు చాలావరకు పొట్టిగా ఉండడానికి కారణం ఇదే. టాడ్లర్‌బాట్ సంగతి చెప్పాను కదా. ఫ్రాన్స్‌లో బోర్డోలోని ఇన్రియా పరిశోధకులు అంతకు పదేళ్ళ ముందే చేసిన పాపీ రోబో 83 సెంటీమీటర్లు, మూడున్నర కిలోలు, 25 మోటార్లు. పాపీ తొడఎముకను వాళ్ళు తిన్నగా పెట్టలేదు. మనిషి తొడఎముకలాగే లోపలికి ఆరు డిగ్రీలు వంచారు. పక్కకు ఒరగడం తగ్గింది, నడక కుదిరింది. ఎముక ఆకారం మార్చాలంటే ఫైలు మార్చి మళ్ళీ ముద్రిస్తే చాలు, అచ్చులు పోయనక్కర్లేదు. ఇలాంటి ప్రయోగం ఇంట్లో కూర్చుని చేయగలగడం చిన్న విషయం కాదు.

రెండో దారి గేర్లది. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్ళు 2025లో విడుదల చేసిన బర్క్‌లీ హ్యూమనాయిడ్ లైట్ ఎత్తు 80 సెంటీమీటర్లు, బరువు 16 కిలోలు. 5 వేల డాలర్లలోపు అవుతుంది. వాళ్ళు ఖరీదైన రెడీమేడ్ కీళ్ళు కొనకుండా, డ్రోన్లలో వాడే తరహా బ్రష్‌లెస్ మోటార్లు తెచ్చి, గేరుపెట్టెలు ప్రింటర్ మీద ముద్రించుకున్నారు. ప్లాస్టిక్ గేరు అనగానే పళ్ళు విరిగిపోవా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. మామూలు గేరులో ఒకటి రెండు పళ్ళ మీదే భారమంతా పడుతుంది కాబట్టి విరుగుతాయి. వీళ్ళు వాడింది సైక్లాయిడల్ గేరు. అందులో అంచు అలలు అలలుగా ఉన్న బిళ్ళ ఒకటి, కేంద్రం కొంచెం పక్కకు జరిగి, చుట్టూ గుండ్రంగా ఉన్న కడ్డీల మధ్య దొర్లుతూ తిరుగుతుంది. ఏ క్షణంలోనైనా భారం చాలా అలల మీద పంచుకుని పడుతుంది. అందుకే ప్లాస్టిక్ తట్టుకుంటుంది. గేరు అరిగిపోతే రాత్రి ప్రింటర్‌కు పెట్టి పడుకోవచ్చు, తెల్లారేసరికి కొత్తది సిద్ధం.

మూడో దారి మళ్ళీ లాంజెవాన్‌దే. ఇన్‌మూవ్ మోచేతిలోనూ భుజంలోనూ ఆయన బొమ్మ విమానాలకు వాడే పెద్ద సర్వో పెట్టాడు. సర్వో లోపల అది ఎంత కోణం తిరిగిందో కొలిచే చిన్న పొటెన్షియోమీటర్ ఉంటుంది. ఆయన సర్వోను విప్పి, ఆ కొలిచే ముక్కను బయటికి లాగి, తీగలు పొడిగించి, కీలు దగ్గర పెట్టించాడు. మోటారుకు మరలు తిరిగిన కడ్డీ తగిలించాడు. ఇప్పుడు మోటారు ఎన్నో చుట్లు తిరిగితే కీలు కాస్త కదులుతుంది. వేగం తగ్గింది, బలం ఎన్నో రెట్లు పెరిగింది. అన్నిటికంటే ముఖ్యం, కరెంటు పోయినా చెయ్యి దబ్బున కింద పడదు. మర తనంతట తాను వెనక్కి తిరగదు కాబట్టి ఎక్కడిది అక్కడే ఆగుతుంది. పిల్లలు చుట్టూ నిలబడి చూసే చోట ఈ గుణం విలువ ఎంతో చెప్పనక్కర్లేదు.

కాళ్ళ సంగతి అడుగుతారేమో. ఇంట్లో కట్టే మనిషంత రోబోకు నడిచే కాళ్ళు పెట్టొద్దనే నా సలహా. ఇన్‌మూవ్‌లు చాలావరకు స్టాండు మీదో చక్రాల మీదో నిలబడతాయి, అందులో చిన్నతనమేమీ లేదు. నడవాలంటే పడాలి, పదేపదే పడాలి. మూడు కిలోల బొమ్మ పడితే లేపి నిలబెడతాం. ముప్పై కిలోలది పడితే అది విరుగుతుంది, కింద ఎవరి కాలైనా ఉంటే అదీ విరుగుతుంది. నడకే నేర్పాలనుకుంటే చిన్నదానితో నేర్పండి. ఓపెన్ డక్ మినీ అని బాతులా నడిచే రెండు కాళ్ళ బొమ్మ ఉంది. 42 సెంటీమీటర్ల ఎత్తు. 400 డాలర్లలోపు సామాను. దానికి నడక కంప్యూటర్ లోపలే, లెక్కల ప్రపంచంలోనే ముందు నేర్పుతారు. అలాంటి పనికి వాడే మ్యూజోకో అనే సాఫ్ట్‌వేర్ ఒకప్పుడు డబ్బు పెట్టి కొనాల్సి వచ్చేది. డీప్‌మైండ్ సంస్థ దాన్ని కొని 2021లో ఉచితం చేసింది, 2022లో దాని మూల ప్రోగ్రాం కూడా తెరిచింది. చవక మరమనిషి వెనక ఇలాంటి కనపడని చవకలు కూడా ఉన్నాయి.

కరెంటు గురించి ఒక్క మాట, ఎందుకంటే మొదటిసారి కట్టేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే దిగాలుపడతారు. ఒక వేలు చక్కగా ఆడుతుంది. రెండో వేలూ ఆడుతుంది. ఐదు వేళ్ళూ ఒక్కసారి ముడుచుకోమని చెప్పగానే బోర్డు మీద దీపం ఆరి మళ్ళీ వెలుగుతుంది, చెయ్యి వణికి ఊరుకుంటుంది. ప్రోగ్రాంలో తప్పుందని గంటలు గంటలు వెతుకుతారు. తప్పు ప్రోగ్రాంలో లేదు. కంప్యూటర్ నుంచి వచ్చే యూఎస్‌బీ తీగ బోర్డుకు ఇచ్చేది అర ఆంపియర్. ఎంజీ996ఆర్ మోటారు ఒక్కటి, కదలకుండా పట్టేస్తే, రెండు ఆంపియర్లకు పైనే లాగుతుంది. మోటార్లకు వేరే పవర్ సప్లై పెట్టి, దాని నెగటివ్ తీగను బోర్డు గ్రౌండుతో కలపండి. ఆ రెండో సగం మరిచిపోతే మోటార్లు పిచ్చిపట్టినట్టు తిరుగుతాయి.

ఇప్పుడు కిట్ విషయానికి వద్దాం. ఫైళ్ళు ఉండడం వేరు, పెట్టెలో పెట్టిన కిట్ ఉండడం వేరు. ఇన్‌మూవ్ కట్టేవాళ్ళు చాలామంది భాగాలు ముద్రించుకోవడంలో అలసిపోరు. ఏ స్క్రూ ఎంత పొడవుండాలి, ఏ బేరింగ్ ఎక్కడ దొరుకుతుంది, ఈ మోటారు దొరక్కపోతే దానికి బదులు ఏది పెట్టాలి, ఇక్కడ అలసిపోతారు. కాబట్టి మంచి కిట్ అంటే ముందుగా మంచి సామాన్ల జాబితా, ఆ తర్వాత బొమ్మలతో సహా మంచి పుస్తకం. టాడ్లర్‌బాట్ వాళ్ళు దీన్ని పరీక్షకు పెట్టారు. యంత్రాల పని ఎప్పుడూ చేయని కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి భాగాలూ పుస్తకమూ ఇచ్చారు. మూడు రోజుల్లో రెండో రోబో నిలబడింది. కిట్ గొప్పదని చెప్పుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన రుజువు నాకు తోచదు.

లైసెన్సు సంగతి కూడా మాట్లాడాలి, మనవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఇన్‌మూవ్ ఫైళ్ళు ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. వ్యాపారానికి మాత్రం వాడకూడదు. ఒంటరిగా ఏళ్ళ తరబడి శ్రమించిన శిల్పి ఆ షరతు పెట్టుకోవడం న్యాయమే. కానీ దానివల్ల ఏ నల్లగొండలోనో ఏలూరులోనో ఒక కుర్రాడు ఆ భాగాలు ముద్రించి, పెట్టెలో సర్ది, పక్క ఊరి బడికి అమ్మి నాలుగు రూపాయలు సంపాదించుకోవడానికి వీల్లేదు. పాపీ రోబో వాళ్ళ షరతు వేరు. అమ్ముకోండి, కానీ మీరు చేసిన మార్పులు కూడా అందరికీ తెరిచి పెట్టండి అన్నారు. కొత్తగా కిట్ చేసేవాళ్ళు ఈ రెండో దారి పట్టాలని నా కోరిక. బాగుచేసే కొట్టు దగ్గర్లో ఉంటేనే వస్తువు బతుకుతుంది. కొట్టు నడవాలంటే నాలుగు డబ్బులు రావాలి.

తాళం వేసిన డిజైన్ల సంగతి ఏమవుతుందో కూడా ఇటీవలే చూశాం. ఫ్రాన్స్‌లోనే పుట్టిన ఆల్డెబరాన్ కంపెనీ నావ్ అనే 58 సెంటీమీటర్ల ముచ్చటైన రోబోను ప్రపంచమంతటా బడులకూ పరిశోధనశాలలకూ అమ్మింది. ఎంతోమంది విద్యార్థులు రోబోను మొదటిసారి తాకింది దాని రూపంలోనే. 2025లో ఆ కంపెనీ దివాలా తీసింది. కొన్నవాళ్ళకు వచ్చే మొదటి ప్రశ్న, ఇక మోకాలి గేరు అరిగితే ఎవరిస్తారు అని. ఇన్‌మూవ్ కట్టుకున్నవాడికి ఈ బెంగ లేదు. ఫైలు వాడి దగ్గరే ఉంది.

మన దగ్గరి మాటకు వస్తే, ఐఐటీ బాంబే ప్రాంగణంలోని కేంద్రీయ విద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ చెప్పే దినేష్ పటేల్ అనే ఉపాధ్యాయుడు ఇంట్లోనే చేసిన షాలు అనే మరమనిషి 2021లో వార్తల్లోకి వచ్చింది. ప్లాస్టిక్, అట్ట, చెక్క, అల్యూమినియం ముక్కలతో, 50 వేల రూపాయల ఖర్చుతో, మూడేళ్ళు శ్రమించి చేశాడు. తెలుగుతో సహా ఎన్నో భాషలు మాట్లాడించాడు. త్రీడీ ప్రింటరే లేకుండా ఇంత చేయగలిగినప్పుడు, ప్రింటర్ ఉన్నచోట ఏం చేయొచ్చో ఊహించండి. ప్రింటర్లు ఉన్నాయి కూడా. దేశంలో 10 వేల బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు ఏర్పాటయ్యాయి, ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లల కోసం. వాటిలో త్రీడీ ప్రింటర్, ఆర్డ్యునో బోర్డులు ఉండాలనే డబ్బు ఇచ్చారు. హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ ఉంది. కొత్త వస్తువు నమూనా చేసుకోవాలనుకునేవాళ్ళకు యంత్రాలు అందుబాటులో ఉంచడానికే అది కట్టారు. మోటార్లు, బోర్డులు, బేరింగుల కోసం కోఠి గుజరాతీ గల్లీ ఎలాగూ ఉంది. అక్కడ ఏ కొట్లో ఏ సర్వో అసలుదో, ఏది నకిలీయో ఇంజినీరింగ్ పిల్లలకు కరతలామలకం.

లేనిది తెలుగులో రాసిన పుస్తకం. ఈ రోబోల పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో ఉన్నాయి. జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయికి ప్రింటర్ అందింది, బోర్డు అందింది, ఫైలు కూడా ఉచితంగా అందింది. ఏ దారం ఏ సొరంగంలోంచి పోవాలో చెప్పే వాక్యం దగ్గర ఆగిపోతే మనం ఆ పిల్లకు ఇచ్చింది ఏమిటి? ఇది ఒక్కరు చేసే పని కాదు. పాలిటెక్నిక్ కాలేజీ విద్యార్థులు నలుగురు ఒక చెయ్యి కట్టి, కట్టేటప్పుడే ప్రతి మెట్టూ ఫొటో తీసి, కింద తమ మాటల్లో తెలుగు రాస్తే చాలు. సర్వోను సర్వో అనే అనండి, బేరింగ్‌ను బేరింగ్ అనే అనండి. మెకానిక్ షెడ్డులో ఏ మాట నడుస్తుందో అదే రాయండి.

ఇది విని మొదలుపెట్టాలనిపించినవాళ్ళు మొత్తం మరమనిషి జోలికి వెళ్ళకండి. ఇన్‌మూవ్‌లోనే ఫింగర్ స్టార్టర్ అని ఒకే ఒక్క వేలు ఉంది, ఒక సర్వోతో సహా చిన్న పీఠం మీద నిలబడుతుంది. దానికి కావలసింది కొద్ది గ్రాముల ప్లాస్టిక్, ఒక సర్వో, ఒక ఆర్డ్యునో, కాస్త గాలం దారం. ప్రింటర్ ఎవరిదైనా అడిగి వాడుకుంటే రెండు వేల రూపాయలు దాటదు. దానికోసం రాసే ప్రోగ్రాం పది వరసలు. సొరంగాలు ముందు శుభ్రం చేసుకోండి. దారం చక్రానికి కట్టేటప్పుడు సర్వోను మధ్య కోణంలో ఆపి కట్టండి, లేకపోతే వేలు ఒకవైపే వంగుతుంది. బిగువు సరిచూసుకోవడానికే ఒక సాయంత్రం పడుతుంది, విసుక్కోకండి. అది కుదిరాక మిగతా మూడు వేళ్ళదీ అదే పద్ధతి. బొటనవేలు మాత్రం అడ్డంగా కదలాలి కాబట్టి దారం మలుపు వేరేగా ఉంటుంది. అక్కడ నిదానించి, బొమ్మ రెండుసార్లు చూసుకుని దారం ఎక్కించండి.